మూడో క్లిక్కు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలన్నా ఒక షాకబ్జార్ మర దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగేవాళ్ళం. అన్నం దగ్గరా అదే, షెడ్డులోనూ అదే. ఆఖరికి మాటలు కూడా అయిపోయాయి. మర ఒక్కటే మిగిలింది.

మాది కారు రేసుల పిచ్చి. గుండ్రంగా తిరిగే రేసు కాదు. విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద, రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ లైటు వెలగగానే తిన్నగా నాలుగు వందల మీటర్లు దూకడం. పది సెకన్లలో అయిపోతుంది. ఆ పది సెకన్ల కోసం పదిహేను రోజులు కారు కింద వెల్లకిలా పడుకోవాలి. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఒకసారి చూడ్డానికి వచ్చి, చెప్పు తెగిందని వంగి లేచేసరికి నా రేసు అయిపోయింది. మళ్ళీ రాలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేసి పానా పట్టినవాణ్ణి. ఆ కారు కట్టింది నేను. ఇంజను ముక్కలు మా బావమరిది తన లేతు మీద తీసి ఇస్తే, మిగతాదంతా నా చేతి పని. పద్నాలుగేళ్ళు నడిపిందీ నేనే. కిందటేడు రేసు సంఘం డాక్టరు నా ఎడమ కంటికి పక్కచూపు పోయిందని కాగితం మీద రాసి ముద్ర కొట్టేశాడు.

"ఈ రేసులో ఎదురుగా తప్ప చూడాల్సిందేముందండీ" అన్నాను.

"పక్క దారిలో ఇంకో కారుంటుంది కదా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పి, పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పక్క కారు వంక చూసి ఎరగను అన్నాను. "చూసుంటే ఓడిపోతున్నారని కాస్త ముందే తెలిసేది" అంది మా ఆవిడ.

బావమరిది ఆ సీట్లో పట్టడు. ఊపిరి బిగబట్టి దూరినా, బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. అలా సీటు మా అమ్మాయికి వచ్చింది. వచ్చింది అంటున్నాను. ఇచ్చాను అనడం లేదు. దానికి ఇరవయ్యారేళ్ళు, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. నా రేసు దుస్తుల కుట్లు విప్పి మా ఆవిడ దాని ఒంటికి సరిపడా చిన్నవి చేసింది. మిగిలిన గుడ్డ మడిచి నా చేతిలో పెట్టి, "షెడ్డులో తుడుచుకోడానికి పనికొస్తుంది, ఉంచుకోండి" అంది.

సీజను మొదలవడానికి నెల ఉందనగా ముందు చక్రాల షాకబ్జార్లు రెండూ నూనె కార్చేశాయి. కొత్తవి ఎంచుకోవాలి. ముగ్గురం రేసు సామాన్ల షాపుకి వెళ్ళాం. షాపాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, నేను రాసుకెళ్ళిన కాగితం చదివాడు. షాకబ్జార్ మూసుకున్నప్పుడు ఎంత పొడవుండాలి, సాగినప్పుడు ఎంత, కారు ముందు భాగం బరువెంత, అన్నీ కొలిచి రాశాను.

"నడిపే మనిషి సీట్లో ఉండగా తూచిందేనా ఇది?"

"ఆ."

"నడిపేదెవరు?"

"నేనే" అన్నాను.

మా అమ్మాయి నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడి ఉంది. బావమరిది గోడకి తగిలించిన బెల్టుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మళ్ళీ నేనే, "అంటే, ఇప్పుడు అమ్మాయి నడుపుతుంది" అన్నాను.

"మరి ఇక్కడ మనిషి బరువు తొంభై ఒకటని ఉంది."

"నాది యాభై నాలుగండీ" అంది అమ్మాయి.

"మళ్ళీ తూచుకు రండి" అని కాగితం నా వైపు తోశాడు.

తూచుకొచ్చాం. అర రోజు పోయింది. ఈసారి మూడు జతలు కౌంటరు మీద పెట్టాడు. మొదటిది మామూలుది, బిగించి మర్చిపోవడమే. రెండోదానికి అడుగున ఒక మర ఉంది. అది తిప్పితే కారు ముందు భాగం ఎంత వేగంగా పైకి లేవాలో మార్చుకోవచ్చు. పద్దెనిమిది క్లిక్కులు. ఎంత బిగిస్తే అంత నిదానంగా లేస్తుంది. మూడోదానికి రెండు మరలు. లేవడానికి ఒకటి, దిగడానికి ఒకటి.

"రెండు మరలది తీసుకుందాం నాన్నా" అంది.

"ఎందుకు?"

"లేచింది మళ్ళీ దిగాలి కదా. లిఫ్టు పైకెళ్ళి కప్పుకి గుద్దుకోదు, కిందికొచ్చి నేలకి గుద్దుకోదు. రెండు చోట్లా మెత్తగా ఆగుతుంది. ఆగేలా మేం చూసుకుంటాం."

"ఇది లిఫ్టు కాదు. దిగడం సంగతి భూమి చూసుకుంటుంది."

బావమరిది నవ్వాడు. షాపాయన నవ్వలేదు.

"ఒక మరది ఇవ్వండి" అన్నాను. "రెండు మరలుంటే ఇద్దరు తిప్పుతారు. ఒకటుంటే తిప్పేవాడు ఒకడే."

నేను జోకు వేశాననుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మొదటి రేసు రోజు మర నేనే పెట్టాను. పూర్తిగా వదులు చేసి, అక్కణ్ణించి మూడు క్లిక్కులు బిగించాను. మూడే ఎందుకంటే, పాత షాకబ్జార్లు బాగున్న రోజుల్లో ముందు భాగం ఎంత లేచేదో నా ఒంటికి గుర్తుంది. అంతే లేవాలి. బండి వదలగానే ముందు చక్రాలు గాల్లోకి రావాలి, బరువంతా వెనక టైర్ల మీద కూర్చోవాలి, జనం ఈలలెయ్యాలి. పద్నాలుగేళ్ళు నేను విన్న ఈలలవి.

లేచింది. ఈలలూ పడ్డాయి. కారు వెనకాల, బయల్దేరే లైన్ దగ్గర నిలబడి ఉన్న నాకు కారు వీపూ, పొగా తప్ప ఏమీ కనపడలేదు. వంద మీటర్ల దగ్గర కారు కుడిపక్క సిమెంటు గోడవైపు ఒక గజం జరిగి, మళ్ళీ సర్దుకుంది. ఆ ఒక్క సర్దుడుతో ఆ పరుగు పోయింది.

తిరిగొచ్చి హెల్మెట్ తీసి, నుదుటికి అంటుకున్న జుట్టయినా తీసుకోకుండా చెప్పింది. "ముందు మరీ తొందరగా లేస్తోంది నాన్నా. షాకబ్జార్ చివరిదాకా సాగి ఠక్కున కొట్టుకుంటోంది. ఆ కుదుపుకి వెనక టైర్లు పట్టు వదిలేస్తున్నాయి. ముందు చక్రాలు దబ్బున పడుతున్నాయి, పడేటప్పుడు కుడికి లాగేస్తోంది. ఎనిమిది బిగించు."

"ఎనిమిదంటే ఎంతో తెలుసా?"

"మూడూ ఎనిమిదీ పదకొండు."

"లెక్కలు బాగానే వచ్చు. ముందు లేవకపోతే వెనక పట్టు ఎక్కణ్ణించి వస్తుందమ్మా?"

"లేవద్దనడం లేదు. నిదానంగా లేవమంటున్నాను."

"ఇంకో నాలుగు రేసులు నడుపు. అప్పుడు మరల సంగతి మాట్లాడుకుందాం."

బావమరిది టైరు మీద కూర్చుని గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. "బావా, సీట్లో కూర్చున్నవాడిదే ఆఖరి మాట. మన షెడ్డు చట్టం. పద్నాలుగేళ్ళు ఆ ఒక్క ముక్కతో నా నోరు మూయించావు. ఇవాళ అది వినపడితే ఎంత హాయిగా ఉందో."

ఆ చట్టం చేసింది నేనే. వాడు ఏం చెప్పబోయినా అదే అనేవాణ్ణి. నోరు మూసుకుని చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి మర తిప్పాను. టిక్, టిక్ అని ఎనిమిది. అది పక్కన నిలబడి విన్నది. రెండో వైపు కూడా ఎనిమిది. చిన్న నోటుపుస్తకంలో రాసుకుంది.

రేసుకి రెండు పరుగులు. రెండోదానికి కారు వరసలో నిలబడింది. ముందు రెండు జతలున్నాయి. చుట్టూ ఇంజన్ల మోత, పక్కనున్నవాడి మాట పక్కవాడికి వినపడదు. నేను టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగి, చెయ్యి లోపల పెట్టి ఎనిమిది క్లిక్కులూ వెనక్కి తిప్పేశాను. అటు వెళ్ళి అటువైపూ అంతే.

ఎందుకంటే నాకు తెలుసు అనుకున్నాను. పిల్లది భయపడుతోంది, ముందు చక్రాలు లేస్తే బెదురుతోంది, రెండుసార్లు అలవాటైతే పోతుంది అనుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్నది ఇది. ఇది అబద్ధం కాదు. కానీ మొత్తం ఇదే కాదు. ఆ కారు నేను నడిపినట్టు ఉన్నంతకాలం అది నా కారు. పదకొండో క్లిక్కు దగ్గర అది ఇంకెవరిదో.

రెండో పరుగు కూడా మొదటిదానిలాగే పోయింది. కారు గోడవైపు అంతే జరిగింది. తిరిగొచ్చాక నేనే అడిగాను.

"ఏమైనా తేడా తెలిసిందా?"

అడక్కుండా ఉండాల్సింది. చేసినదానికన్నా ఆ అడగడమే నన్ను ఇప్పటికీ పీకుతుంది.

"లేదు నాన్నా. అలాగే ఉంది."

"నేను చెప్పలా."

రెండో రేసుకి పద్నాలుగు పెట్టమంది. పెట్టాను, తీసేశాను. మూడో రేసుకి, సరే నేనే తప్పేమో, ఆరుకి దించి చూద్దాం అంది. దించినట్టు చేసి, మళ్ళీ మూడుకి తెచ్చాను. ప్రతిసారీ అది కారు దిగి కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేది, నోట్లో రుచి గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలాగా. ప్రతిసారీ అదే మాట. "అలాగే ఉంది."

"పదకొండుకీ, పద్నాలుగుకీ, ఆరుకీ తేడా తెలియకపోతే ఎలాగమ్మా" అన్నాను మూడోసారి. గట్టిగా కూడా అనలేదు. జాలిగా అన్నాను. దెబ్బ అలాగే బాగా తగులుతుంది.

ఆ వారం ఇంట్లో పళ్ళేల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఒకరోజు అన్నం దగ్గర మా ఆవిడ అడిగింది, "ఏమే, తిండి మీద ధ్యాస లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా."

"బాగుంటే తిను."

కాసేపు కలిపింది కలుపుతూ కూర్చుని, నా వైపు కాకుండా వాళ్ళమ్మ వైపు చూసి చెప్పింది. "ఇవాళ ఒక అపార్టుమెంటుకి వెళ్ళాను. నాలుగో అంతస్తులో పెద్దావిడ, లిఫ్టు ఆగేటప్పుడు కుదుపు వస్తోందని ఫిర్యాదు ఇచ్చింది. ఎక్కాను, దిగాను. పదిసార్లు ఎక్కి దిగాను. కుదుపు ఉందో లేదో నాకు తెలియలేదు. ఉన్నట్టే ఉంది. మళ్ళీ, నేనే ఊరికే అనుకుంటున్నానేమో అనిపించింది. ఇదివరకు ఒక్కసారి ఎక్కితే చెప్పేదాన్ని. చివరికి ఇంకో మెకానిక్‌ని పిలిచాను. అతను ఒక్కసారి ఎక్కి, ఉంది కదా, తెలియడం లేదా అన్నాడు."

తర్వాత నా వైపు తిరిగింది.

"నాన్నా, నాకు చేత కావడం లేదు. ఎవరినైనా చూసుకో. కారు పాడు చేసుకోవద్దు."

"అలా అంటే ఎలా. నిదానంగా వస్తుంది" అన్నాను. పెద్దమనిషిలాగే అన్నాను. అది చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ గిన్నెలు తీస్తూ, నా పళ్ళెం వంక చూసింది.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు. ఈ నెలలో ఇవాళే కడుపునిండా తిన్నారు."

అంతే అంది. గిన్నెలు పట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని, దాంట్లో ఏముందని చూస్తున్నట్టు చాలాసేపు చూశాను. ఆవిడకి షాకబ్జారంటే ఏమిటో తెలియదు. నా గురించి అంతా తెలుసు.

చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్న అది పనికి బయల్దేరుతూ చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గరికి వెళ్ళాను కూడా. "ఏంటి నాన్నా?" అంది. "బండిలో పెట్రోలుందా?" అన్నాను. ఉందంది. వెళ్ళిపోయింది. యాభై రెండేళ్ళ మనిషికి నోట్లోంచి వచ్చిన మాట అది.

నాలుగో రేసుకి అది రానంది. బావమరిది ఇంటికొచ్చి దాన్ని కూర్చోబెట్టి బతిమాలాడు. మొత్తం ఆరు రేసులు. మూడు పోయాయి, ఇదీ పోతే ఆ ఏడుకి ఇంక ఇంటికే. "ఇదొక్కటి నడుపు తల్లీ. పోతే పోయింది, కారుకి దుప్పటి కప్పేద్దాం. మీ నాన్న కప్పుతాడు, నేను పాట పాడతాను."

నవ్వింది. ఆ సీజనులో అది నవ్వడం నేను చూసింది అదే. వస్తానంది.

నేనూ మనసులో ఒక మాట అనుకున్నాను. ఈసారి అది ఎంత చెబితే అంత పెట్టి, అలాగే వదిలేద్దామని. అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం ఉండదు. బాగుపడితే బాగుపడింది, దానికే చేతనైందనుకుంటుంది. ఎంత చక్కగా సర్దుకున్నానో చూడండి.

ఆ రోజు పొద్దున్న ఎండ ఇంకా నేల దిగకముందే రన్‌వే దగ్గర కారు దింపాం. నేను జాకీ పట్టుకుని వెళ్ళేసరికే అది ముందు చక్రం పక్కన కూర్చుని ఉంది.

"నేను చూస్తాలే" అన్నాను.

"వద్దు నాన్నా. లిఫ్టు అంతుపట్టకపోతే మేం ముందు అన్నీ సున్నాకి తెస్తాం. అక్కణ్ణించి ఒక్కొక్కటే పెంచుకుంటూ వస్తాం. ఇదీ అలాగే చూద్దాం. ఇప్పుడు ఆరు మీద ఉంది కదా. పూర్తిగా వదులు చేసి మళ్ళీ మొదలుపెడతాను."

నా చేతిలో జాకీ ఉంది. కింద పెట్టడం మర్చిపోయాను.

అది చెయ్యి లోపల పెట్టి, పెదాలతో లెక్కపెడుతూ తిప్పింది. ఒకటి. రెండు. మూడు. ఆగింది. ఇంకొంచెం బలం పెట్టింది. మర తిరగలేదు. పొరపాటు పడ్డాననుకుని, మళ్ళీ బిగించి, మళ్ళీ వదులు చేసింది. మూడే. లేచి అటువైపు వెళ్ళింది. అక్కడా మూడే.

కారు చుట్టూ తిరిగొచ్చి నోటుపుస్తకం తీసి చూసుకుంది. నన్ను చూడలేదు.

"ఇక్కడ ఆరని రాసుంది."

జాకీ కింద పెట్టాను.

"అంతకుముందు పద్నాలుగు." పేజీ తిప్పింది. "అంతకుముందు పదకొండు. ఎప్పుడైనా కదిలిందా నాన్నా ఇది?"

"లేదు" అన్నాను.

బావమరిది చేతిలో పానా టైరు మీద పెట్టాడు, చప్పుడు కాకుండా. వాడు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టుంటే తేలిగ్గా ఉండేది. "ప్రతిసారీ గోడవైపు గజం జరిగింది బావా కారు" అన్నాడు.

అమ్మాయి వెనక టైరు మీద కూర్చుంది. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీలన్నీ మొదట్నించి మెల్లగా తిప్పింది. ప్రతి పేజీ అడుగునా అదే మాట రాసి ఉంది, దాని చేతిరాతలో. అలాగే ఉంది. అలాగే ఉంది. అలాగే ఉంది.

"అయితే నేను చెప్పింది కరెక్టే" అంది. నాతో కాదు, మామయ్యతోనూ కాదు. "అలాగే ఉంది అన్నాను. అలాగే ఉంది."

లేచి చక్రం దగ్గర కూర్చుని, పైకి వినపడేలా లెక్కపెడుతూ పదకొండు క్లిక్కులు బిగించింది. రెండోవైపు పదకొండు. చేతులు తుడుచుకుని, "నాన్నా, నువ్వు లైన్ దగ్గరికి రావద్దు" అంది. "అక్కడెక్కడైనా కూర్చో."

పద్నాలుగేళ్ళు కారు లోపల ఉన్నాను. తర్వాత కారు వెనక నిలబడ్డాను. ఆ రేసుని పక్క నించి చూడటం నాకదే మొదటిసారి. జనం మధ్య, సిమెంటు మెట్ల మీద, ఎవడో పారేసిన పల్లీల పొట్లం పక్కన కూర్చున్నాను. పచ్చ లైటు వెలిగింది. కారు ముందు భాగం లేచింది. లేచింది అనడానికి కూడా లేదు. ముందు చక్రాలు నేల మీంచి బెత్తెడు పైకి వచ్చి, అక్కడే ఉండిపోయాయి. ఊగలేదు, కుదపలేదు. ఎంతసేపు ఉండాలో అంతసేపు ఉండి, మెత్తగా దిగాయి. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. గోడవైపు కన్నెత్తి చూడలేదు.

ఎవరూ ఈల వెయ్యలేదు. చూడ్డానికి అందులో ఏమీ లేదు. నా పక్కనున్నవాడు ఆవలించాడు కూడా. తర్వాత బోర్డు మీద అంకెలు పడ్డాయి. మొదటి ఇరవై మీటర్ల సమయం, నా పద్నాలుగేళ్ళలో నేనెన్నడూ చూడనిది. ఆవలించినవాడు నోరు మూసుకుని లేచి నిలబడ్డాడు.

నేను కూర్చునే ఉన్నాను. సంతోషించాలి కదా. గర్వపడాలి కదా. నాకు ఒళ్ళు మండింది. పద్నాలుగేళ్ళు ఈలల కోసం గాల్లోకి లేపుకున్న కారు, బెత్తెడు లేస్తే చాలుననీ, అది నాకు ఎవరూ చెప్పలేదనీ మండింది. చెప్పినవాడొకడున్నాడు. మొదటి రెండేళ్ళు, ముందు భాగం కాస్త తక్కువ లేపుదాం బావా అని వాడు మొత్తుకునేవాడు. సీట్లో కూర్చున్నది నేను.

ఆ రేసు అది నెగ్గింది. ఐదోదీ నెగ్గింది. మధ్యలో షాపుకి వెళ్ళి, మా ఒక మర జత వెనక్కిచ్చి రెండు మరల జత తెచ్చుకున్నారు, వాళ్ళిద్దరూ. నన్ను పిలవలేదు. షాపాయన నా గురించి అడిగాడని చెప్పాడు బావమరిది. "ఏం చెప్పావు?" అన్నాను. "ఇంట్లో పనుందన్నాను" అన్నాడు.

ఇంట్లో గొడవేమీ జరగలేదు. అరుపులు లేవు. మా ఆవిడకి అది చెప్పిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. అది నాతో మాట్లాడటం మానలేదు. ఉప్పు అందించమంటే అందిస్తుంది. కానీ నేను చక్రం బోల్టులు బిగిస్తే, నేను అటు తిరగగానే పానా పెట్టి మళ్ళీ బిగించి చూస్తుంది. గ్యాసు కట్టేశానని చెబితే, సరే నాన్నా అని లేచి వెళ్ళి మర చూసొస్తుంది. దానికి కోపం ఉంటే బాగుండేది, కోపం ఎప్పటికైనా దిగుతుంది. అది కోపం కాదు, కొత్త అలవాటు.

ఆఖరి రేసుకి నేను మామూలుగానే మెట్ల మీద కూర్చోబోయాను. ప్రాక్టీసు పరుగుకి ముందు అది హెల్మెట్ చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇవాళ నేల వేడెక్కింది నాన్నా. టైర్ల పట్టు ఎక్కువగా ఉంది. ముందు ఎంత లేస్తోందో లోపల నాకు సరిగా తెలియదు. నువ్వు పక్కన నిలబడి చూడు. ముందు చక్రం నేలకి ఎన్ని వేళ్ళ ఎత్తున ఉందో చెయ్యెత్తి చూపించు. ఎంత ఉంటే అంత."

"ఎంత ఉంటే అంతే చెబుతా" అన్నాను.

"మామయ్య ఫోనులో కూడా తీస్తున్నాడు" అంది. చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయింది.

కంచె పక్కన, బాగున్న కన్ను అటు వైపు ఉండేలా తిరిగి నిలబడ్డాను. బండి వదిలారు. నా లోపల ఒకడు ఇంకా ఉన్నాడు, వాడికి అది బెత్తెడే లేచినా మూరెడు లేచినట్టు కనపడాలని ఉంది, ఎక్కువైంది తగ్గించు అనాలని ఉంది, లేదా తక్కువైంది పెంచు అనాలని ఉంది. ఏదో ఒకటి, నా మాట వల్ల కదలాలని. వాణ్ణి పక్కకి నెట్టి చక్రం కిందే చూశాను.

తిరిగొచ్చింది. అద్దంలోంచి నా వైపు చూసింది. నేను నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాను.

"నాలుగా?"

"నాలుగు. రెండో గేరు పడేదాకా అక్కడే ఉంది. దిగేటప్పుడు కొంచెం గట్టిగా దిగింది."

తల ఊపింది. కారు దిగి, బావమరిది దగ్గరికి వెళ్ళి ఫోను తీసుకుంది. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, వెనక్కి జరిపి, ఆపి, మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. నేను కంచె పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను, రన్‌వే మీద ఏదో చూడాల్సింది ఉన్నట్టు.

"నాలుగే" అంది, మామయ్యతో.

తర్వాత చక్రం పక్కన కూర్చుని, దిగే మర ఒక్క క్లిక్కు బిగించింది.